తిత్తి పోయినా రాయి పోలేదు

"గాల్‌బ్లాడరు ఎప్పుడో తీసేశారు గదా డాక్టరుగారూ, మళ్ళీ రాళ్ళెక్కణ్ణించి వచ్చినయ్యి?" మమ్మల్ని చూడటానికి అమెరికా వచ్చిన మా అత్తగారు ఇక్కడి వైద్యుణ్ణి అడిగిన మొదటి ప్రశ్న ఇది. 1994లో గుంటూరులో పొట్ట కోసి ఆమె పిత్తాశయాన్ని తొలగించారు. కుడి డొక్క కింద జానెడు మచ్చ అందుకు సాక్షి. ఇన్నేళ్ళ తరువాత మళ్ళీ అదే చోట నొప్పి, చలితో జ్వరం, కళ్ళలో పసుపుదనం. ఫోనులో బంధువులందరూ చెప్పిన మందు ఒక్కటే: కామెర్లకు పసరు. ఈ వ్యాసకర్త రసాయన శాస్త్రజ్ఞుడే గాని వైద్యుడు కాడు. అయినా ఆమె ప్రశ్నకు సగం సమాధానం రసాయన శాస్త్రంలోనే ఉన్నది.

కాలేయం రోజుకు అర లీటరు నుండి లీటరు వరకు పైత్యరసాన్ని స్రవిస్తుంది. పిత్తాశయం దానిని నిలవచేసే తిత్తి మాత్రమే. రసాన్ని ప్రేగుకు చేర్చే ప్రధాన నాళం వేరు. దాని వ్యాసం సుమారు 6 మిల్లీమీటర్లు. తిత్తిని తీసివేసినా నాళం ఉండనే ఉంటుంది. అందులోని రాళ్ళు రెండు రకాలు: ఆనాడే తిత్తినుండి జారి కంటబడక మిగిలినవి, తరువాత నాళంలోనే పుట్టినవి. ఈ రెండవ రకం పుట్టుక చిత్రమైనది. బిలిరుబిన్ అనే వర్ణకాన్ని కాలేయం గ్లూకురోనిక్ ఆమ్లంతో జతపరచి నీటిలో కరిగేటట్లు చేస్తుంది. ప్రవాహం మందగించి సూక్ష్మజీవులు చేరితే వాటి ఎంజైము ఆ జతను విడగొడుతుంది. విడివడిన బిలిరుబిన్ కాల్షియంతో కూడి, కరగని గోధుమవర్ణపు లవణమై పేరుకొంటుంది. పారని కాలువలో పూడిక చేరినట్లే.

నొప్పి, చలిజ్వరం, కామెర్లు కలిసి రావడం నాళంలో ఇన్ఫెక్షను సోకినందుకు గుర్తని 1877లోనే ఫ్రెంచి వైద్యుడు షార్కో వర్ణించాడు. పసరుతో రాయి కదలదు. జాగుచేస్తే సూక్ష్మజీవులు రక్తంలో ప్రవేశించి ప్రాణాపాయం కలుగుతుంది.

నోటిద్వారా ఎండోస్కోపును పంపి, నాళద్వారాన్ని కొద్దిగా కోసి రాయిని లాగే పద్ధతి 1974లో జపాన్, జర్మనీ దేశాలలో వెలువడింది. నేటికీ సాధారణంగా మొదట అనుసరించే మార్గం అదే. అయితే రాయి మరీ పెద్దదైనా, పూర్వపు శస్త్రచికిత్సవల్ల ప్రేగుల దారి మారిపోయినా అది ఫలించకపోవచ్చు. మా అత్తగారి రాయి రెండు ప్రయత్నాలకూ లొంగలేదు. రసం పారటానికి నాళంలో చిన్న గొట్టం అమర్చి, జ్వరం తగ్గించి, శస్త్రచికిత్సకు సిద్ధపరిచారు.

1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె లాప్రోస్కోపు సాయంతో తొలిసారి పిత్తాశయాన్ని తొలగించాడు. ఆ తొలి రోజులలో పాత కోత ఉన్నవారికి ఈ పద్ధతి తగదనేవారు. గాయం మానేటప్పుడు ఊరే ఫైబ్రిన్ అనే జిగురు, కొవ్వుపొరను, ప్రేగులను కాలేయం అడుగుభాగానికి అతికించివేస్తుంది. అక్కడ గుడ్డిగా పరికరం గుచ్చితే ప్రేగుకు చిల్లుపడవచ్చు.

అనుభవం దీనికి ఉపాయాలు నేర్పింది. మొదటి రంధ్రాన్ని మచ్చకు దూరంగా చేస్తారు. పొట్టను కార్బన్ డయాక్సైడుతో ఉబ్బిస్తారు. అది మండదు, రక్తంలో సులువుగా కరిగి ఊపిరితో వెలుపలికి పోతుంది. కాలేయాన్ని ఆనుకొని అతుకులను ఓపికగా విడదీస్తూ నాళాన్ని చేరుకొంటారు. అనుమానముంటే సన్నని సూదితో లాగి చూస్తారు: పైత్యరసం వస్తే నాళం, నెత్తురు వస్తే రక్తనాళం. తరువాత నాళాన్ని నిలువుగా కోసి, సన్నని దర్శినితో లోపల చూస్తూ, తీగబుట్టతో రాయిని తీస్తారు. ఆపైన నాళాన్ని కుట్టివేస్తారు, లేదా ఆంగ్ల అక్షరం 'టి' ఆకారపు గొట్టం ఉంచుతారు. ఆ గొట్టాన్ని తీసినప్పుడు పైత్యరసం కడుపులో చిందకుండా కాపాడేవి దాని చుట్టూ ఏర్పడే అతుకులే! లాప్రోస్కోపీలో అవి తక్కువ గనుక గొట్టాన్ని మరికొన్ని వారాలు ఉంచవలసివస్తుంది.

"దారి కనబడకపోతే పాత పద్ధతిలోనే కోస్తాను. అది ఓటమి కాదు, ఆమె క్షేమం" అని సర్జను ముందే చెప్పారు. ఆ అవసరం రాలేదు. నాలుగు గంటలు పట్టింది; అయిదవ రోజున ఆమె ఇంటికి వచ్చారు.

సర్జను మమ్మల్ని పదేపదే అడిగినది ఒక్కటే: 1994లో నాళాన్ని కూడా తెరిచారా? కాగితాలు లేవు, ఆమెకూ తెలియదు. కనుక పాఠకులకు నా మనవి: మీ పెద్దలు ఇక్కడికి ప్రయాణమయ్యేటప్పుడు ఆవకాయ జాడీ మరచినా ఫరవాలేదు, పాత ఆపరేషను కాగితాలు మాత్రం తెమ్మనండి. పచ్చబడిన కళ్ళు కనిపిస్తే పసరు కోసం వెదకక, ఆనాడే ఆసుపత్రికి తీసుకొనివెళ్ళండి.