మందు కల్లు మానిన మూడవ రాత్రి

పాలమూరులో మా ఇంటి ప్రహరీగోడ కట్టిన మేస్త్రి 2015 సెప్టెంబరులో ఒకనాటి సాయంత్రం నా వద్దకు వచ్చాడు. చేతులు వణుకుతున్నవి. రెండు రాత్రులుగా కంటిమీద కునుకు లేదన్నాడు. కల్తీ కల్లుపై ఆబ్కారీ దాడులు సాగుతున్న రోజులవి. అతడు నిత్యం వెళ్ళే దుకాణం మూతపడింది. గృహవైద్యంపై నాకున్న నమ్మకం కొద్దీ, గోరువెచ్చని పాలలో చిటికెడు జాజికాయ పొడి కలిపి త్రాగమని చెప్పి పంపివేశాను. ఆ రాత్రి అతనికి మూర్ఛ వచ్చింది. అంతకుముందు గోడ నిండా చీమలు ప్రాకుతున్నవని కేకలు పెట్టాడట. "గిట్ల ఎన్నడూ లేకుండె సారూ, గాలి సోకిందేమో" అని అతని భార్య ఏడ్చింది. గాలీ కాదు, ధూళీ కాదు. సకాలంలో ఆసుపత్రిలో చేర్చినందున బ్రతికాడు. నా పొరపాటు మరొకరు చేయరాదని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

చెట్టు కల్లు వేరు, మందు కల్లు వేరు. తాటి, ఈత చెట్ల నుండి గీసినది గిరాకీకి చాలనప్పుడు నీటిలో తీపి కలిపి, నిషా కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు వేస్తారు. చివరి రెండూ ఆందోళనకు వైద్యులు మోతాదు చూసి వ్రాసే మందులే. సీసాలో ఎంత పడిందో మాత్రం త్రాగేవానికి తెలియదు. ఎక్కువైతే ఊపిరి మందగించి నిద్రలోనే ప్రాణం పోవచ్చు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించారు.

ఈ ప్రమాదం అందరూ ఎరిగినదే. ఎరుగనిది రెండవది. నెలల తరబడి ఆ మందుకు అలవాటు పడిన మెదడు, అది ఒక్కసారిగా అందకపోతే అదుపు తప్పుతుంది. వణుకు, చెమట, లేనివి కనిపించడం, మూర్ఛలు, చివరకు చావాలన్న తలపు. 2015లో మహబూబ్‌నగర్, నిజామాబాదు జిల్లాల ఆసుపత్రులకు ఇటువంటి వారు పెద్ద సంఖ్యలో వచ్చారు. కొందరు ఆత్మహత్య చేసుకున్నట్లు పత్రికలు వ్రాశాయి.

అలవాటైన అహితాన్ని ఒక్కసారిగా గాక పాదం పాదంగా, అనగా నాల్గవ వంతు చొప్పున విడువమని చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయం చెబుతున్నది. జాజికాయ గుర్తుకు వచ్చిన నాకు ఆనాడు ఇది గుర్తుకు రాలేదు! నేటి మానసిక వైద్యులు చేసేదీ ఇదే. ఆ జాతి మందునే లెక్కగా ఇచ్చి, వారాల తరబడి తగ్గిస్తూ వస్తారు. మాత్రల ఖరీదు స్వల్పం. కావలసినది వైద్యుడు, నర్సు, పడక.

అక్కడే డబ్బు సంగతి వస్తుంది. మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో, నల్లగొండలో 2019లో వచ్చినవి. 2015 నాటికి రెండు చోట్లా లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రభుత్వాల ఆరోగ్య వ్యయంలో మానసిక ఆరోగ్యానికి దక్కేది సుమారు 2 శాతమే. దుకాణం మూయడానికి ఒక జీపు, ఒక తాళం చాలును. అందులో రోజూ త్రాగే వందమంది ఆ రాత్రి ఏమవుతారు? దాడికి పదిహేను రోజుల ముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మందులు, జిల్లా ఆసుపత్రిలో పడకలు సిద్ధం కావాలని నా అభిప్రాయం. వేల కోట్ల ఆబ్కారీ ఆదాయంలో ఈ ఖర్చు ఏపాటిది?

ఇక మన ఇళ్ళ సంగతి. పనిమనిషి గాని, తోటమాలి గాని కల్లు మానానని చెబితే మెచ్చుకొని ఊరుకోవద్దు. ఎన్నాళ్ళయింది, నిద్ర పడుతున్నదా అని అడగండి. వణుకు ఉంటే ఆనాడే ప్రభుత్వ ఆసుపత్రికి పంపండి. నిద్రమాత్రలు మీరు కొని ఇవ్వవద్దు. మూర్ఛ వస్తే ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోను చేయాలి. చేతిలో తాళపుచెవులు, నోటిలో చెంచా పెట్టరాదు. చావు మాట నోట వస్తే ఒంటరిగా విడువక 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఈ టెలీ మానస్ సేవ రాత్రింబవళ్ళు ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మేస్త్రి ఇప్పటికీ అటుగా వచ్చినప్పుడు మా ఇంట టీ త్రాగి వెళతాడు. చేతుల వణుకు నెలలోపే తగ్గిందట. నిద్ర మాత్రం సంక్రాంతి దాటే వరకు కుదుటపడలేదన్నాడు.