పరిచయం కూడా ఒక ఆస్తే



"వాడికి పెద్దోళ్ళు తెలుసు, అందుకే ఉద్యోగం వచ్చింది" అని మనం అంటుంటాం. పరిచయం అంటే సిఫారసు అనే అనుకుంటాం. కాని పరిచయం వల్ల మనకు మొదట దొరికేది కబురు. కబురు అందితేనే దరఖాస్తు పెట్టేది, పరీక్ష రాసేది. మంచి మార్కులుండి కూడా గడువు తేదీ తెలియక ఇంటి దగ్గర ఆగిపోయేవాళ్ళు ఉంటారు.

మన మిరప చేలనే చూడండి. కోతల కాలంలో కర్నూలు వైపు నుంచి కూడా కూలీలు గుంటూరు పల్లెలకు వస్తారు. ఇక్కడ ఏ ఊళ్ళో పని ఉందో అంత దూరాన వాళ్ళకెట్లా తెలుస్తుంది? మేస్త్రి వల్ల. పోయినేడు పని చేయించుకున్న రైతు మేస్త్రికి కబురు పెడతాడు, మేస్త్రి ముఠాను తీసుకొస్తాడు. పది ఊళ్ళ రైతులు తెలిసిన మేస్త్రి ముఠాకు పని ఆగదు. ఒక్క రైతే తెలిస్తే ఆ చేను అయిపోగానే ఖాళీ. కోత మధ్యలో వదిలేసి పోయిన ముఠాకు మరుసటేడు కబురే రాదు. పరిచయాన్ని నిలబెట్టేది మంచి పనే.

చదువుకున్నవాళ్ళ సంగతీ ఇంతే. అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళను "ఆ మనిషిని ఎంత తరచుగా కలిసేవారు?" అని అడిగాడు. 1973లో అచ్చయిన ఆయన వ్యాసం ప్రకారం, తరచుగా కలిసేవాళ్ళ ద్వారా దొరికింది నూటికి సుమారు 17 మందికే. మిగతావాళ్ళకు అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవాళ్ళ ద్వారా దొరికింది. కారణం తేలికే. మన తండాలో, గూడెంలో అందరికీ తెలిసిన కబుర్లు ఒక్కటే. కొత్త కబురు వేరే చోట తిరిగేవాళ్ళ దగ్గర ఉంటుంది.

నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి మాలావత్ పూర్ణ లంబాడా కూలీల బిడ్డ. తాడ్వాయి గురుకులంలో చదువుతూ కొండలెక్కే శిక్షణకు ఎంపికైంది. 2014 మే 25న, పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. కష్టం ఆమెదే. దారి చూపినవాళ్ళు మాత్రం చుట్టాలు కాదు, బడి ద్వారా తెలిసిన సార్లు, కోచ్‌లు.

మనం చేయగలిగినవి:

1. ఒక నోటుబుక్కులో సీనియర్ల పేరు, చదువు, చిరునామా రాసుకోండి. సార్లు, మేడమ్‌లు, నర్సమ్మ, బ్యాంకు సారు కూడా మనకు తెలిసినవాళ్ళే.

2. "ఏదైనా ఉద్యోగం చూడండన్నా" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. "పాలిసెట్‌కు ఏం చదివారు? ఏ కాగితాలు కావాలి?" అని విడిగా అడగండి. అడగనిదే అమ్మయినా పెట్టదు.

3. అవసరం ఉన్నప్పుడే గుర్తు చేసుకోవద్దు. పండక్కో, రిజల్ట్స్ వచ్చినప్పుడో ఒక కార్డు ముక్క రాయండి. వాళ్ళ సలహా వల్ల ఏం జరిగిందో చెప్పండి.

4. మీకు తెలిసిన కబురు దాచుకోవద్దు. ఈ గోడ మీద రాయండి.

5. డబ్బిస్తే ఉద్యోగం ఇప్పిస్తానని, పట్నంలో పని ఉంది రమ్మని పిలిచినవాణ్ణి నమ్మవద్దు. ముందు వార్డెన్ గారికి చెప్పండి.

వార్డెన్ గారికి మనవి: పదో తరగతి అయ్యి వెళ్ళిపోయేవాళ్ళ చిరునామాలు ఒక రిజిస్టరులో రాయించి ఉంచండి. ఏడాదికొకసారి, వాళ్ళు ఏం చదువుతున్నారో, ఏ పని చేస్తున్నారో కనుక్కుని పక్కన రాయించండి. వెనక వచ్చేవాళ్ళకు ఎవరిని అడగాలో తెలుస్తుంది.

– పదవ తరగతి విద్యార్థి