ఉప్పు రవ్వంత మస్క్ ప్రొటీన్: లేబుల్ మీద ఏం చూడాలి?

పార్సిల్ విప్పి, ఐస్ మధ్య నుంచి చిన్న సీసా తీసి వెలుగుకు పెట్టి చూస్తే లోపల ఏమీ కనిపించదు. లేబొరేటరీకి కొత్తగా వచ్చినవాళ్లకు పుట్టే మొదటి అనుమానం అదే: మోసపోయామా? లేదు. లేబుల్ మీద 50 మైక్రోగ్రాములని ఉంటే, అది గ్రామును 20 వేల భాగాలు చేస్తే వచ్చే ఒక భాగం. వంటింట్లో పొడి ఉప్పు రవ్వ ఒక్కటి ఇంచుమించు అంతే తూగుతుంది. ఆ కాస్తా ఆరిపోయి గోడకో మూతకో పలచగా అంటుకుని ఉంటుంది. అందుకే మూత తీసేముందు సీసాను సెంట్రిఫ్యూజ్‌లో ఓసారి తిప్పి, ఉన్నదంతా అడుగుకు దించుతారు.

ఇంతతో ఏం పని జరుగుతుంది? చాలానే జరుగుతుంది. రక్తంలో యాంటీబాడీలను వెతికే ఎలీసా పళ్లెంలో 96 గుంటలుంటాయి. గుంటకు మైక్రోగ్రాములో పదో వంతు చొప్పున పూస్తే, ఒక పళ్లేనికి 10 మైక్రోగ్రాములైనా పట్టవు. అంటే ఒక సీసాతో 5 పళ్లేలు సిద్ధమవుతాయి.

ఇంతకీ మస్క్ ఏమిటి? కండర కణం పైపొర మీద ఉండే గ్రాహకం, అంటే బయటి కబురు అందుకునే ప్రొటీన్. ఇది కైనేజ్ కూడా: కబురు అందగానే ప్రొటీన్లకు ఫాస్ఫేట్ అంటించి వాటిని పనిలోకి దించే ఎంజైమ్. నాడి కొస నుంచి అగ్రిన్ అనే ప్రొటీన్ వస్తుంది. అది ముందు ఎల్‌ఆర్‌పీ4 అనే మరో ప్రొటీన్‌ను పట్టుకుంటుంది, ఆ జత మస్క్‌ను మేల్కొలుపుతుంది. దాంతో నాడి కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాలు నాడి తాకే చోటికి గుమిగూడతాయి. అక్కడ చదరపు మైక్రోమీటరుకు దాదాపు 10 వేలు ఉంటాయి, కాస్త పక్కకు వెళితే పదైనా ఉండవు. ఆ గుంపు లేకపోతే కండరానికి నాడి మాట వినిపించదు. మస్క్ జన్యువు తీసేసిన చిట్టెలుక పిల్లలు ఊపిరి అందక పుట్టగానే చనిపోతాయని 1996లో తేలింది.

సీసాలోది మనిషి కండరం నుంచి తీసిందా? కాదు. మనిషి జన్యువును వేరే కణాల్లో పెట్టి, వాటి చేత చేయించిన ప్రొటీన్. రీకాంబినెంట్ అంటే అంతే. హెచ్‌ఈకే 293 అనే మానవ కణాలు, పురుగు కణాలు, ఈ.కోలై బ్యాక్టీరియా, ఇలా ఏదైనా వాడొచ్చు. కానీ ఫలితం ఒకటి కాదు. మానవ కణాలు ప్రొటీన్‌కు చక్కెర గొలుసులు తగిలిస్తాయి. ఈ.కోలై మామూలుగా ఆ పని చేయదు.

అసలు చూడాల్సింది బరువు కాదు, ఏ ముక్క అన్నది. పూర్తి మస్క్ 869 అమైనో ఆమ్లాల గొలుసు. మొదటి 23 దాన్ని కణం బయటికి దారి పట్టించి తెగిపోతాయి. తర్వాత సుమారు 470 కణం బయట, 20 దాకా పొరలో, మిగతా 350 లోపల ఉంటాయి. కైనేజ్ పని అంతా లోపలి భాగానిదే. కొందరు రోగుల ఒంట్లో మస్క్ మీదే పుట్టే యాంటీబాడీలు పట్టుకునేది బయటి భాగాన్ని. కైనేజ్‌ను ఆపే మందును పరీక్షించాలంటే లోపలి ముక్క కావాలి, యాంటీబాడీలను వెతకాలంటే బయటి ముక్క కావాలి. 95 శాతం శుద్ధి అని చూసి తప్పు ముక్క తెప్పించుకుంటే ఆ 95 శాతమూ దండగే. పైగా శుద్ధి వేరు, పనిచేయడం వేరు. కైనేజ్ చురుకుగా ఉందో లేదో విడిగా కొలిచి చెప్పిన అంకె ఉందేమో చూడండి.

రోగం మాట వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. కనురెప్పలు వాలిపోయి, మింగడం కష్టమై, కండరాలు త్వరగా అలసిపోయే మయస్తీనియా గ్రావిస్‌లో ఎక్కువమందికి ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాల మీద యాంటీబాడీలుంటాయి. అవి కనిపించనివారిలో కొందరికి మస్క్ మీద ఉంటాయని 2001లో బయటపడింది. ఇది తేల్చుకోవడం వైద్యానికి ముఖ్యం. మామూలుగా ముందు ఇచ్చే పిరిడోస్టిగ్మిన్ వీళ్లలో చాలామందికి సరిగా పనిచేయదు, రిటుక్సిమాబ్ అనే మందు మాత్రం బాగా పనిచేస్తుంది.

మరి శరీరంలో మస్క్ దెబ్బతింటే ఈ సీసాలోదే ఎక్కించకూడదా? కూడదు. లేబుల్ మీద పరిశోధనకు మాత్రమే అని రాసేది మొక్కుబడికి కాదు. మస్క్ బయటి ముక్కను కుందేళ్లకు ఎక్కిస్తే వాటి ఒంట్లో దాని మీద యాంటీబాడీలు పుట్టి, కండరాలు చచ్చుబడ్డాయని 2006లో జపాన్ పరిశోధకులు చూపించారు.