బల్ల దగ్గర ఒక ఖాళీ కుర్చీ



మా తాతగారు రబ్బరు తోటలో పాలు తీసిన కార్మికుడు. నేనూ ఆ తోట లైను ఇళ్లలోనే పుట్టాను. నాకు పదేళ్లు వచ్చినప్పుడు మా కుటుంబం పట్టణానికి తరలివచ్చింది. కొత్త బడిలో మొదటి వారమంతా విరామ సమయంలో నీళ్ల కుళాయి దగ్గర నిలబడి, దాహం లేకపోయినా నీళ్లు తాగేవాణ్ని. ఊరక నిలబడితే నాకు స్నేహితులు లేరని అందరికీ తెలిసిపోతుందని భయం.

ఒకనాడు ఇద్దరు మలయా బాలురు చోంకాక్ ఆడుతున్నారు. దగ్గరకు వెళ్లి చూశాను. రెండు చివరలా పెద్ద గుంటలు ఉన్నమాటే గాని, అది మా అమ్మమ్మ చింతపిక్కలతో నేర్పిన వామనగుంటల వంటిదే! వారిలో ఒకడు జరిగి నాకు చోటిచ్చాడు. నాకు వారి భాష సరిగా రాదు. కాని గుంటలో పిక్కలు వేయడానికి భాషతో పనేముంది? ఆ రోజు నేను కుళాయి దగ్గరకు వెళ్లలేదు.

అమెరికా బడులలో

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, ప్రాథమిక పాఠశాల దాటిన తరువాత, చాలా బడులలో పిల్లలు పాఠం పాఠానికీ గది మారుతారు. పక్కన కూర్చునేవారు గంట గంటకూ మారిపోతారు. భోజనశాలలో ఎవరి జట్టు వారిది. సంవత్సరం మధ్యలో చేరిన విద్యార్థి పళ్లెం పట్టుకొని, ఎక్కడ కూర్చోవాలో తెలియక దిక్కులు చూడవలసి వస్తుంది. అట్టివారికి ఒక దారి చూపేవి బడి ముగిసిన తరువాత జరిగే సంఘాలు. చదరంగానికి ఒకటి, సంగీతానికి ఒకటి ఉన్నట్లే, బల్లపై ఆడే ఆటలకూ సంఘాలు ఉన్నాయి. ఒక ఉపాధ్యాయుని పర్యవేక్షణలో, తరగతి గదిలోనో గ్రంథాలయంలోనో పిల్లలు కూడి ఆడుకుంటారు.

ఇద్దరు మిత్రులు చేసిన ఆట

ఇట్టి సంఘాలలో ప్రసిద్ధమైన ఆట ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. గ్యారీ గైగాక్స్ విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న పట్టణ నివాసి. డేవ్ ఆర్నెసన్‌ది పొరుగున ఉన్న మిన్నెసోటా రాష్ట్రం. 1969లో లేక్ జెనీవాలో జరిగిన ‘జెన్ కాన్’ అనే ఆటల సమావేశంలో వారు కలుసుకున్నారు. ఆ పరిచయం నుండి పుట్టిన ఆట 1974లో వెలువడింది. మొదట అచ్చయినవి 1,000 పెట్టెలు మాత్రమే. 2016లో రోచెస్టర్ నగరంలోని జాతీయ ఆటవస్తువుల గౌరవశాలలో దానికి స్థానం లభించింది.

ఆడే విధానం ఇది. ఒకరు కథ చెబుతారు. మిగిలినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర ధరిస్తారు. ఒకరు కత్తి పట్టిన వీరుడు, ఒకరు మంత్రం తెలిసినవారు, ఒకరు గాయాలు మాన్పేవారు, మరొకరు తాళాలు తీయడంలో నేర్పరి. “ఎదుట లోతైన వాగు ఉంది; ఏం చేస్తారు?” అని కథకుడు అడుగుతాడు. “దూకుతాను” అని ఒకరంటే, 20 ముఖాల పాచిక వేయాలి. 15 లేదా అంతకు మించి పడితేనే దాటగలరని కథకుడు అన్నాడనుకోండి. 15 నుండి 20 వరకు ఉన్నవి ఆరు సంఖ్యలే. కనుక పదింట మూడు వంతుల అవకాశమే ఉన్నది. దూకాలా, తాడు వెతకాలా? అందరూ కలిసి ఆలోచిస్తారు. గెలిస్తే అందరూ గెలుస్తారు.

స్నేహం ఎట్లా కలుగుతుంది?

మొదటిది, ఏం మాట్లాడాలి అనే బెంగ ఉండదు. మన వంతు వచ్చినప్పుడు మాట్లాడితే చాలు. మాట ఆట గురించే. రెండవది, మన అవసరం ఇతరులకు ఉంటుంది. తాళం తీసేవాడు రాకపోతే తలుపు తెరుచుకోదు కదా! మూడవది, వచ్చే వారం కథ మిగిలే ఉంటుంది. “నీవు తప్పక రావాలి” అనే మాట వినబడుతుంది.

అయితే ఆట ఒక్కటే స్నేహాన్ని తెచ్చిపెట్టదు. నియమం తెలియనివారిని చూసి నవ్వితే, కొత్తవారు మరునాడు రారు. నేర్పే ఓపిక ఉన్న బల్ల దగ్గరే స్నేహం నిలుస్తుంది.

మన ఇంటి ఆట

ఆ అమెరికా ఆట పెట్టెపై 12 సంవత్సరాలు నిండినవారికని ఉంటుంది. మీరు అంతవరకు ఆగనక్కరలేదు. నేలపై సుద్దతో గీసే పులిజూదం మనకున్నది. మూడు పులులు, పదిహేను మేకలు. ఒంటరి మేకపై నుండి పులి దూకి దానిని చంపుతుంది. మేకలు ఒకదాని వెనుక ఒకటి నిలిస్తే పులి దూకలేదు; కదలడానికి చోటు లేక ఓడిపోతుంది. బలహీనులు కలిసి నిలవడంలోని బలాన్ని మన పెద్దలు ఒక ఆటగా గీసి ఇచ్చారు.

రేపు మీ తరగతికి కొత్త విద్యార్థి వస్తే, పేరు అడిగి ఊరుకోకండి. “మాతో ఆడతావా?” అని అడిగి, కొంచెం జరిగి చోటివ్వండి. మీరే కొత్తవారైతే, ఆట జరిగే చోటికి వెళ్లి “నేనూ ఆడవచ్చునా?” అనండి. అడగడం కష్టమని నాకు తెలుసు. అయినా, నీళ్ల కుళాయి దగ్గర నిలబడడం కంటే అది తేలిక.

కొత్త పదాలు
పర్యవేక్షణ – దగ్గరుండి చూసుకోవడం
నేర్పరి – పనిలో ఆరితేరినవాడు
బెంగ – దిగులు

ఆలోచించి రాయండి
1. పులిజూదంలో మేకలు ఎట్లా గెలుస్తాయి?
2. 20 ముఖాల పాచికలో 11 లేదా అంతకు మించి పడే అవకాశం ఎంత?
3. మీ ఇంటి పెద్దలు చిన్ననాడు ఆడిన ఒక ఆటను అడిగి తెలుసుకొని, దాని నియమాలు ఐదు వాక్యాలలో రాయండి.