వింటికర్రలో పగుళ్ళు

రామాయణ కథ విన్న ప్రతి బాలుడును శివధనుస్సు విరిగిన ఘట్టము నెరుగును. ఆ విల్లు విరుగుట శ్రీరాముని బలమునకు నిదర్శనము. మనము చేసికొనిన విల్లు విరిగినచో అది బలమునకు గుర్తు కాదు; కర్రలో ముందే పడిన పగులును మనము కనిపెట్టలేకపోతిమనుటకు గుర్తు. లాగిన విల్లు విరిగి, దాని తునుక కంటికి తగిలినచో కలుగు కీడు చిన్నది కాదు. కావున ఏ పగులును బాగు చేయవచ్చునో, ఏ పగులు కనబడిన వెంటనే విల్లును విడిచిపెట్టవలెనో తెలిసికొనుట అవసరము.

విల్లు మన ప్రాంతమునకు క్రొత్త వస్తువు కాదు. మనము విల్లు అందుము. మన పొరుగున ఉన్న తమిళులు ‘విల్’ అందురు. కన్నడిగులు ‘బిల్లు’ అందురు. మూడును ఒక్క మూలమునుండి పుట్టిన మాటలే. పూర్వము తగడూరని పేరుగన్న ఈ ధర్మపురి సీమలో దొరికిన వీరగల్లులపై విల్లు పట్టిన వీరుల రూపములు కలవు. 1909లో మైసూరున శ్యామశాస్త్రిగారు తొలిసారి అచ్చువేయించిన కౌటిల్యుని అర్థశాస్త్రము, విల్లు చేయుటకు తాడి, వెదురు, కొయ్య, కొమ్ము అను నాలుగు వస్తువులను పేర్కొనుచున్నది. తూర్పుకనుమల అడవులలో పెరుగు తడచెట్టును సంస్కృతమున ధన్వనమందురు. దాని కర్రకు వంగి తిరిగి నిలుచు గుణము మెండు. 1922–24 సంవత్సరములలో అల్లూరి సీతారామరాజు నడపిన మన్యపు పోరాటమున గిరిజనులు విల్లమ్ములు చేతబట్టిరి.

ముందుగా వింటి అవయవములను తెలిసికొందము. నడుమ చేతితో పట్టుకొను భాగము పిడి. రెండు కొనలు వింటికొప్పులు. నారిని తగిలించునది అచ్చటనే. గురివైపున నుండు ముఖము వీపు. విలుకానివైపున నుండు ముఖము కడుపు. నారిని లాగినప్పుడు వీపు సాగును, కడుపు నొక్కుకొనును. పగులు ఏ ముఖమున, ఏ దిక్కుగా పడినదను దానిని బట్టియే దాని మంచిచెడ్డలు నిర్ణయింపవలెను.

కర్ర ఏల పగులును? పచ్చికర్ర నిండ నీరుండును. ఆ నీరు ఆరునపుడు కర్ర కుదించుకొనును గాని, అన్ని దిక్కులకు సమముగా కుదించుకొనదు. నిడివిలో నూటికి 1 పాలైనను తగ్గదు. నడిబొడ్డునుండి బెరడు వైపునకు నూటికి 3 మొదలు 5 పాళ్ళును, చుట్టుకొలత దిక్కున 6 మొదలు 10 పాళ్ళును తగ్గుట సాధారణము. చుట్టుకొలత తగ్గినంతగా లోపలి కర్ర తగ్గదు. అందుచేత గుండ్రని దుంగ బెరడునుండి నడిబొడ్డువైపు చీలును. వేసవిలో చెరువు అడుగున నెర్రెలు విచ్చుట మీరు చూచియే యుందురు. అచ్చటను పైమన్ను ముందుగా ఆరి కుదించుకొనజూచును. అడుగున తడిగానున్న మన్ను దానిని కుదించుకొననీయదు. కర్ర త్వరపడి ఆరినప్పుడును ఇట్లే జరుగును.

ఈ కారణము తెలిసిన, నివారణ సులభము. కోసిన కర్ర కొనలనుండి నీరు పక్కలనుండి కంటె అనేక రెట్లు త్వరగా పోవును. కావున కోసిన నాడే రెండు కొనలకు తేనెమైనము గాని, రంగు గాని, అవి లేనిచో పేడ కలిపిన బంకమన్ను గాని దట్టముగా పూయవలెను. దుంగను నడిబొడ్డు మీదుగా నిలువున రెండుగా చీల్చినచో లోపలి బిగువు సడలి పగుళ్ళు తగ్గును. కావలసిన నిడివికి రెండు ప్రక్కల జానెడు చొప్పున ఎక్కువ ఉంచవలెను. కొనలు పగిలినను ఆ ముక్క కోసివేయవచ్చును. కర్రను నీడలో, గాలి ఆడుచోట పరుండబెట్టవలెను. మన ఊరి చిత్రవైశాఖముల ఎండలో మిద్దెపై ఆరవేయుటయు, పొయ్యిదగ్గర ఉంచుటయు తగదు. వారమున కొకసారి తూచి బరువు వ్రాసికొనుడు. వరుసగా కొన్ని వారములు బరువు మారకున్నచో కర్ర ఆరినదని తెలియును. వెదురైనచో లేత బొంగు పనికిరాదు. మూడేండ్లయినను ముదిరినది కావలెను.

ఇంత చేసినను పగులు పడవచ్చును. అప్పుడు దానిని వెలుతురులో పరీక్షింపవలెను.

మొదటిది, కర్ర నార వెంబడి నిలువుగా పోవు సన్నని పగులు. ఇది ప్రక్క అంచునకు చేరక, వింటి నిడివి వెంటనే సాగినచో భయము లేదు. నార తెగలేదు, నారకు నారకు నడుమ పట్టు మాత్రము సడలినది. పిడి భాగము వంగదు గనుక అచ్చట పడిన నిలువు పగులు మరియు తేలిక. అయితే మెలితిరిగిన కర్రలో పగులు ఏటవాలుగా పోయి అంచును చీల్చుకొని వెలికి వచ్చును. అది ప్రమాదకరము.

రెండవది, వీపున లేచిన పేడు. బాడిసతో చెక్కునపుడు వీపు నారను నరికినచో, విల్లు వంచినప్పుడు అచ్చట పేడు లేచును. కావున కొయ్యవింటికి బెరడు క్రింది ఒక్క పొరయే ఎడతెగక వీపుగా నిలువవలెను. వెదురులో బయటి ముఖమునందే నార దట్టముగా నుండును గనుక ఆ ముఖమును వీపుగా నుంచి చెక్కకుండ విడువవలెను. పేడు సన్నముగా, పొట్టిగా నున్నచో అతికి దారము చుట్టవచ్చును. ఆ పిమ్మట విల్లును తక్కువగా లాగవలెను.

మూడవది, కడుపున అడ్డముగా కనబడు వెంట్రుకవంటి ముడుత. అచ్చటి కర్ర మోయలేనంతగా నొక్కుకొనినదని అర్థము. దీనికి జిగురు మందు కాదు. ఆ చోటు మిక్కిలి వంగుటయే కారణము గనుక, వంగని తావులలో కడుపును కొంచెము కొంచెముగా గీకి, బరువును అన్ని తావులకు పంచవలెను. గీకునపుడు జాగ్రత్త! దళసరిలో పదవ వంతు తగ్గినచో బిగువు నాలుగవ వంతునకు మించి తగ్గును.

నాలుగవది, వీపున అడ్డముగా పడిన పగులు. ఇచ్చట నారయే తెగినది. తెగిన నారను ఏ జిగురును మరల ఒకటి చేయలేదు. ఆ విల్లును విడిచిపెట్టవలసినదే.

అతుకు విధానమిది. కర్ర పూర్తిగా ఆరినదాక ఆగవలెను. పచ్చిగా నుండగా అతికినచో కర్ర ఇంకను కుదించుకొని పగులు మరల విచ్చును. పగులు నోరు కొంచెము తెరచునట్లు వంచి, పలుచని జిగురును లోపలికి దింపి, గట్టిగా బిగించి కట్టి, ఒక రోజు కదలింపక ఉంచవలెను. వెనుకటి వడ్రంగులు సరేసు కాచి వాడిరి. నేడు దుకాణములలో దొరకు ఎపాక్సీయు పనిచేయును. జిగురు గట్టిపడిన పిదప, పగులు దాటి రెండు ప్రక్కల రెండంగుళముల వరకు పట్టుదారమును గాని గట్టి నూలుదారమును గాని సందులేకుండ చుట్టవలెను.

కొన్నేండ్ల క్రిందట ఒక విద్యార్థి నాటకమునకై తానే విల్లు చేసెను. వీపున అడ్డుపగులు కనబడగా లక్కతో పూడ్చి, పైన నల్లరంగు వేసి, ఎవరికిని చెప్పలేదు. రంగస్థలముపై నారి లాగగానే విల్లు రెండయ్యెను. ఒక తునుక ముందు వరుసలోని పిల్లల నడుమ పడెను. దైవవశమున ఎవరికిని తగులలేదు. ఆ బాలుడు తరువాత మరియొక విల్లు చేసెను. దానిలోను పగులు పడెను. అది నిలువు పగులు. ఈసారి దానిని తెచ్చి నాకు చూపెను. ఇద్దరమును కూర్చుండి అతికి దారము చుట్టితిమి. ఆ దారము పైకి కనబడుచునే యుండును. ఆ విల్లు నేటికిని విరుగలేదు.

తుదకు కొన్ని జాగ్రత్తలు. బాణము లేక నారిని లాగి విడువరాదు. బాణముతో పోవలసిన బలము కర్రకే తగిలి పగులును పుట్టించును. పని లేనపుడు నారిని విప్పి ఉంచవలెను. లాగునపుడు ‘టక్’మను శబ్దము వినబడినచో అక్కడనే ఆపి చూడవలెను. మనుష్యులవైపు, పశువులవైపు ఎన్నడును గురిపెట్టరాదు. అనుమతిలేక అడవిచెట్టు నరుకరాదు.

తలిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు విల్లు చేసెదనన్నచో వలదనకుడు, ప్రక్కన కూర్చుండుడు. పగులు కనబడినదని అతడు వచ్చి చెప్పిన నాడు కోపింపకుడు. చెప్పిన పగులునకు మందు ఉండవచ్చును. దాచిన పగులునకు లేదు.