కిడ్నీలో రాళ్లు: మానాల్సింది మాంసమా, దొరకాల్సింది నీళ్లా?

నడుము పక్క నుంచి గజ్జల్లోకి పొడుచుకొచ్చే నొప్పి, మూత్రంలో మంట, ఒక్కోసారి నెత్తురు. స్కానింగ్ తీయిస్తే కిడ్నీలో రాయి అంటారు. వెంటనే చుట్టూ సలహాలు మొదలవుతాయి. నీసు మానెయ్, కొండపిండాకు తిను, ఉలవకట్టు తాగు. మన వాడల దగ్గరికి వచ్చేసరికి ఈ సలహాకు ఇంకో రంగు అంటుకుంటుంది: పెద్దకూర తింటారు కాబట్టే మీకీ రోగాలు అని. ఇందులో వైద్యం ఎంత, కులం ఎంత అన్నది మనం విడదీసి చూసుకోవాలి.

రాయి ఎలా పుడుతుంది?

మూత్రంలో కాల్షియం, ఆక్సలేట్, యూరిక్ ఆమ్లం లాంటివి కరిగి ఉంటాయి. ఒంట్లో నీళ్లు తగ్గి మూత్రం చిక్కబడితే అవి స్ఫటికాలుగా పేరుకుని రాయి కడతాయి. బియ్యంలో మట్టిగడ్డలు, టమాటా గింజలు కడుపులోకి పోతే రాళ్లు పడతాయన్నది వట్టి మాట.

ఎక్కువ మందిలో కనిపించేది కాల్షియం ఆక్సలేట్ రాయి. ఆక్సలేట్ ఎక్కువగా ఉండేది మాంసంలో కాదు. పాలకూర, తోటకూర, చుక్కకూర, బీట్‌రూట్, బాదం, జీడిపప్పు లాంటి వాటిలో. కాబట్టి శాకాహారులకు రాళ్లు రావన్న హామీ ఏమీ లేదు. అలాగని ఆకుకూరలు వదిలేయాల్సిన పని కూడా లేదు. ఉడికించి ఆ నీళ్లు వార్చేస్తే కొంత ఆక్సలేట్ పోతుంది. అదే భోజనంలో పెరుగో మజ్జిగో ఉంటే అందులోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేస్తుంది.

మాంసం పాత్ర కూడా ఉంది. రోజూ మోతాదు మించి తింటే మూత్రంలో యూరిక్ ఆమ్లం, కాల్షియం పెరుగుతాయి. రాయి కట్టకుండా అడ్డుపడే సిట్రేట్ తగ్గుతుంది. యూరిక్ ఆమ్లం రాళ్లు ఉన్నవాళ్లు మాంసం, ముఖ్యంగా కార్జం లాంటివి బాగా తగ్గించాలి. అయితే ఈ లెక్క పెద్దకూరకూ మటన్‌కూ చికెన్‌కూ ఒక్కటే. వారానికి ఒకటి రెండు సార్లు కూర వండుకునే కూలి ఇంటికి వెళ్లి నీసు మానమనడం అంటే, వాళ్లకు చవకగా అందే బలమైన తిండిని తీసేయడమే.

రుజువైనవి ఏమిటి?

మొదటిది నీళ్లు. ఇటలీలో మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని ఐదేళ్లు గమనించి, 1996లో ఫలితాలు ప్రచురించారు. రోజుకు 2 లీటర్లకు పైగా మూత్రం వచ్చేలా నీళ్లు తాగినవాళ్లలో 12 శాతం మందికే రాయి తిరగబెట్టింది. మామూలుగా తాగినవాళ్లలో 27 శాతం మందికి వచ్చింది. ఎండలో పనిచేసేవాళ్లకు రోజుకు 3 లీటర్లు కూడా చాలవు. మూత్రం రంగు లేత పసుపు దాటకుండా చూసుకోవడమే తేలికైన కొలత.

రెండోది ఉప్పు. ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువగా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే తీసుకోమంటోంది. కూర లేనినాడు పచ్చడి మెతుకులతో, ఎండుచేపతో గడిపే ఇంట్లో ఇది తేలిగ్గా దాటిపోతుంది.

మూడోది, పాలు పెరుగు మానకపోవడం. అదే దేశంలో 2002లో వచ్చిన మరో అధ్యయనంలో, కాల్షియం బాగా తగ్గించిన 60 మందిలో 23 మందికి రాయి తిరగబెట్టింది. కాల్షియం మామూలుగా ఉంచి ఉప్పు, మాంసం తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చింది.

వంటింటి మందుల సంగతి

నిమ్మరసంలో సిట్రేట్ ఉంది, మంచిదే. ఉప్పూ పంచదారా దట్టించకుండా నీళ్లలో పిండుకుని తాగాలి. బార్లీ నీళ్లలో పనిచేసేది ముఖ్యంగా నీళ్లే. ఉలవకట్టు, అరటి దూట, కొండపిండాకు మన పెద్దల అనుభవం నుంచి వచ్చినవి. కూరగా తింటే తప్పు లేదు, కానీ రాయిని కరిగిస్తాయనడానికి గట్టి రుజువు లేదు. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. ఆ పేరు మాత్రం ఆ వారం తాగిన కషాయానికి దక్కుతుంది. బీరు తాగితే రాయి పోతుందన్నది అబద్ధం. పేరూ ఊరూ లేని పొడులు కొనకండి. నొప్పి బిళ్లలు మెడికల్ షాపులో అడిగి రోజుల తరబడి మింగితే కిడ్నీలే దెబ్బతింటాయి.

చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, వాంతులు తగ్గకపోయినా, గర్భిణి అయినా, ఉన్నది ఒకే కిడ్నీ అయినా ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. రాళ్లు తీసే చికిత్సలు ఆరోగ్యశ్రీ జాబితాలో ఉన్నాయి. ఇక ఉద్దానంలో లాగా కిడ్నీలు క్రమంగా పనిచేయడం మానేసే జబ్బు వేరు. అలాంటి జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా నీళ్లు, కొబ్బరినీళ్లు పెంచకూడదు.

నీళ్లు ఎవరికి అందుతున్నాయి?

రోజుకు 3 లీటర్లు తాగమని చెప్పడం సులువు. ఇటుక బట్టీలో, మిర్చి చేలో, రోడ్లు ఊడ్చే చోట ఆ నీళ్లు ఎక్కడివి? తాగినా వెళ్లడానికి మరుగుదొడ్డి ఏది? పొద్దంతా మూత్రం ఆపుకోవాల్సి వస్తుందని ఆడవాళ్లు నీళ్లే మానేస్తున్నారు. ఆ పనుల్లో ఎక్కువగా ఉన్నది మన వాళ్లే. అందుకే రాయి సంగతి కూడా చివరికి నీళ్ల హక్కు దగ్గరే తేలుతుంది. ఆ హక్కు కోసమే 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగారు.

పని చోట మంచినీళ్లు, మరుగుదొడ్లు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం, 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం ఏనాడో చెప్పాయి. బస్తీల్లో, బట్టీల దగ్గర ఆరోగ్య శిబిరం పెట్టే మిత్రులు పరీక్షలతో పాటు ఈ మూడు ప్రశ్నలు కూడా అడిగి రాసుకోవాలి. తాగే నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయి? మరుగుదొడ్డి ఉందా? మధ్యాహ్నం నీడలో కూర్చోనిస్తున్నారా? ఆ జవాబులతోనే కార్మిక శాఖకు అర్జీ పెట్టవచ్చు.