చీటీకి మూడు గంటలు... చూపుకి రెండు నిమిషాలు!

ఉదయం ఏడింటికల్లా పెద్దాసుపత్రి వరసలో నిలబడ్డాం, నేనూ మా అత్తయ్యా. ఓపీ చీటీ చేతికొచ్చేసరికి పది. తీరా లోపలికెళితే, నొప్పి ఏ మోకాలికో చెప్పేలోపే మందులు రాసిచ్చేశారు. వారానికి నొప్పి తగ్గింది. అయినా 'ఒక్కసారి తలెత్తి నా మొహం చూడలేదమ్మా' అన్న మాట మాత్రం అత్తయ్య మానలేదు!

రోగం తగ్గడం ఒక లెక్క. మనిషిలా చూశారా అన్నది ఇంకో లెక్క. సర్కారువారికీ ఈ సంగతి తెలుసు. అందుకే 2016లో కేంద్రం 'మేరా అస్పతాల్' మొదలుపెట్టింది. వైద్యం చేయించుకున్నవారి ఫోనుకి ఎస్సెమ్మెస్ పంపో, కాల్ చేసో 'ఎలా ఉంది?' అని అడుగుతారు. నచ్చలేదంటే ఎందుకో చెప్పాలి. సిబ్బంది ప్రవర్తనా, శుభ్రతా, ఖర్చా, వైద్యమా?

ఉచిత వైద్యానికి ఖర్చేమిటంటారా? అక్కడ లేని మందు బయట కొనాలి. తోడున్నవారికి భోజనం, ఆటో... ఇక కాన్పుల వార్డులో చేతులు తడపడం గురించి వినని ఇల్లుందా? మగబిడ్డయితే ఓ రేటు, ఆడబిడ్డయితే ఓ రేటు. పురిటి మంచం మీదున్న మనిషికి ఆ బేరం వినపడుతూనే ఉంటుంది. తెలంగాణలో 2017లో వచ్చిన కేసీఆర్ కిట్ పథకం మాత్రం మగబిడ్డకి 12 వేలు, ఆడబిడ్డకి 13 వేలు ప్రకటించింది. అదే ఏడాది కేంద్రం తెచ్చిన 'లక్ష్య' కార్యక్రమం, కాన్పు గదిలోకి తోడుగా ఓ మనిషిని రానివ్వమంది. పాత రోజుల్లో తల్లిని కూడా గుమ్మం దగ్గరే ఆపేసేవారు.

డాక్టర్లని తిట్టీ లాభం లేదు. ప్రాథమిక వైద్యంలో డాక్టరు ఒక్కో రోగికి ఇచ్చే సమయం మన దేశంలో సుమారు రెండు నిమిషాలేనని 2017లో 'బీఎంజే ఓపెన్' పత్రికలో వచ్చిన పరిశీలన తేల్చింది. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో ఇరవై రెండున్నర నిమిషాలు. గుమ్మం బయట అంత వరస ఉంటే ఎవరు మాత్రం తలెత్తుతారు?

చీటీ వరస తగ్గించడానికి 2022 అక్టోబరులో ఢిల్లీలో 'స్కాన్ అండ్ షేర్' మొదలుపెట్టారు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఫోనుకే టోకెన్. బాగుంది... మరి స్మార్ట్‌ఫోన్ లేని అత్తయ్యల సంగతి?

నెల తర్వాత మళ్లీ వెళ్లాం. అదే వరస, అదే డాక్టరు, అవే రెండు నిమిషాలు. బీపీ చూసిన నర్సు మాత్రం 'పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నావా పెద్దమ్మా?' అంటూ స్టూలు ఇటు జరిపింది.

సాయంత్రం పక్కింటావిడతో అత్తయ్య చెబుతోంది: 'ఫర్లేదు వదినా, అక్కడ బాగానే చూస్తున్నారు!'